బీదర్ గాడి ఎల్లి?

ఆ రోజుల్లో నాకు భయం కన్నా ధైర్యం ఎక్కువ, ధైర్యం కన్నా అబద్ధాలు ఎక్కువ. ఉద్యోగ దరఖాస్తులో 'తెలిసిన భాషలు' అనే గడి కనిపిస్తే చేతికి ఎక్కడలేని ఉదారత్వం వచ్చేది. తెలుగు, హిందీ, ఇంగ్లిష్ అని రాశాక ఇంకా జాగా మిగిలింది. ఖాళీ జాగా వదలడం మా తాండూరు వాళ్ళకు అలవాటు లేదు, వాకిట్లోనైనా బండలు పరిచేస్తాం. అందుకని 'కన్నడ' అని కూడా రాశాను. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. మా ఇంటి నుంచి కర్ణాటక ఎంతో దూరం లేదు, సంతలో కన్నడం మా చెవిన పడుతూనే ఉంటుంది, కాబట్టి ఇది అతుకుతుందనే అనుకున్నాను. చెవిన పడ్డ భాషంతా నోటికి రాదని నాకు తెలిసేసరికి బీదర్‌లోని ఒక రక్తపరీక్షల ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. గురువారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. "మా పేషెంట్లు పల్లెటూరోళ్ళు, కన్నడమే మాట్లాడ్తరు. నీకు వస్తదన్నవు గద?" అని ల్యాబు నడిపే డాక్టరమ్మ అడిగింది. వస్తుందన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు ఆ అబద్ధం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ ఉద్యోగం నాకెంత అవసరమో తెలియాలంటే మా మేనమామ గురించి చెప్పాలి. ఆయనకు తాండూరులో జిరాక్స్ దుకాణం ఉంది. ల్యాబు టెక్నీషియన్ కోర్సు పూర్తయి రెండు ఇంటర్వ్యూల్లో తన్నేసిన నన్ను ఆ దుకాణంలో కూర్చోబెట్టాలని ఆయన కోరిక. "పొల్లకు ఫికర్ ఎందుకు బావా, నీడపట్టున ఉంటది, కాగితాలు వెట్టుడు తీసుడే గద" అని మా నాయినకు రోజూ నూరిపోసేవాడు. నాయిన బండల పాలిషింగులో పనిచేసి రాత్రికి తెల్లటి దుమ్ముతో వచ్చేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ బుధవారం మాత్రం అన్నాడు: "ఇది ఆఖరుది బిడ్డ. గిది గూడ రాకుంటే సోమారం సంది మామ దుకాన్ల కూసో." ఆ జిరాక్స్ మెషీను పచ్చటి వెలుతురు నా కళ్ళ ముందు ఇటు నుంచి అటు పోయింది.

ఆ రోజంతా ఫోన్‌లో కన్నడ పాఠాల వీడియోలు చూశాను. మొదటి పాఠం పళ్ళ పేర్లు, రెండోది రంగులు. ప్రశ్నలు అడగడం అయిదో పాఠంలో ఉందట. నాలుగో పాఠంలో డేటా అయిపోయింది. కాబట్టి గురువారం పొద్దున తాండూరులో బండెక్కి వికారాబాదులో దిగేసరికి, ఎవరికైనా పచ్చ అరటిపండు అమ్మగలిగినంత కన్నడం నా దగ్గరుంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. వికారాబాదులో రైలు దారి రెండుగా చీలుతుంది. ఒకటి మా తాండూరు మీదుగా పోతుంది, ఇంకొకటి జహీరాబాదు మీదుగా బీదర్ వైపు సరిహద్దు దాటి పోతుంది. సరిహద్దంటే తుపాకులూ కంచెలూ ఉంటాయనుకునేరు. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ అవే కంది చేలు, అవే మేకలు. స్టేషన్ బోర్డు మీద అక్షరాలు మారితే అదే సరిహద్దు. ఆ బీదర్ బండి కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను, ఫైలు గుండెకు హత్తుకుని. ఎదుటి పట్టాల మీద ఒక గూడ్సు ఆగి ఉంది. దాని అవతల ఏముందో నాకు కనిపించలేదు, చూడాలని తోచలేదు.

అప్పుడొచ్చింది గొంగడి అవ్వ. (పేరు నాకు ఇప్పటికీ తెలియదు. భుజాన నల్ల గొంగడి, చేతిలో సంచి, ఇంజను కన్నా గట్టిగా రొప్పుతోంది.) సరాసరి నా దగ్గరకొచ్చి, "బీదర్ గాడి ఎల్లి... ఎల్లి..." అని ఊపిరందక ఆగిపోయింది.

మా వైపు 'వెళ్ళింది' అనడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఎల్లింది, ఎల్లిపాయె అంటాం. కాబట్టి అవ్వ సగంలో ఆపిన మాటను మర్యాదగల పిల్లలా నేనే పూర్తి చేసుకున్నాను. బీదర్ బండి ఎల్లిపాయె.

"ఎల్లిపాయెనా అవ్వా?" అన్నాను.

కన్నడంలో 'ఎల్లి' అంటే 'ఎక్కడ'. పాపం ఆమె బండి ఎక్కడుందని అడిగింది. నా జవాబులో కూడా ఎల్లి వినబడేసరికి, ఈ పిల్లదీ నా బాధే అనుకుంది. ఆత్రంగా తల ఊపి, "హౌదు, ఎల్లి?" అంది. అవునట. ఇంకేం కావాలి. "పా అవ్వ, బస్సు పట్టుకుందం" అని ఆమె సంచి అందుకుని బయటికి పరుగు తీశాను. నాకు బండి జాడ తెలిసినట్టుందని నమ్మి ఆమె నా వెనకాలే వచ్చింది. మైకులో ఏదో చెబుతున్నారు. వినే తీరిక మా ఇద్దరికీ లేదు.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి "ఓడు, ఓడు" అని కేకలు. నాకు ఒళ్ళు మండింది. ఇంటర్వ్యూకు పోయే పిల్లను పట్టుకుని ఓడు ఓడు అని దీవించే ముసలమ్మను నేనెక్కడా చూడలేదు. ఆమె మాత్రం నన్ను ఇంకా వేగంగా పరుగెత్తమంటోంది. కన్నడంలో 'ఓడు' అంటే పరుగెత్తు అని. నేను ఓడనని పంతం పట్టి పరుగెత్తాను కాబట్టి ఫలితం మాత్రం ఒకటే.

బయట ఆటో అతను మా తొందర చూసి, "జహీరాబాద్ బస్సు ఇప్పుడే ఎల్లింది అక్కా, ఎక్కుండ్రి, గేటు కాడ పట్టిస్త" అన్నాడు. అవ్వ మొహం విప్పారింది. "ఎల్లి, ఎల్లి" అని అతణ్ణీ అడిగింది. "ఎల్లిందంటున్న గద అవ్వా" అని అతను విసుక్కున్నాడు. ముగ్గురమూ ఒకే మాట పట్టుకుని మూడు దారుల్లో పోతూ ఒకే ఆటోలో కూర్చున్నాం.

ఊరి బయట రైల్వే గేటు పడి ఉంది. మా ముందు నాలుగు లారీలు, వాటి ముందు ఆ జహీరాబాదు బస్సు. దేవుడి దయ అనుకుంటూ దిగాం. అంతలో కూత వినిపించి, పట్టాల మీద నింపాదిగా ఒక రైలు వచ్చింది. పెట్టెల మీద బీదర్ అని బోర్డులు. ఒక కిటికీ దగ్గర ఖాళీ సీటు కూడా కనిపించింది. గూడ్సు అవతల మా కోసం అంతసేపూ నిలబడి, మేము రాకపోయేసరికి బయల్దేరిన మా బండి మా ముందు నుంచే పోయింది. అది వెళ్ళాలనే గేటు వేశారు.

అవ్వ రైలు వంక చూసింది. నా వంక చూసింది. నా చేతిలో ఉన్న తన సంచి వంక చూసింది.

"నమ్మ గాడి" అంది నెమ్మదిగా. మన బండి అని అర్థం కావడానికి నాకు అయిదో పాఠం అక్కర్లేకపోయింది.

బస్సులో మొదలుపెట్టింది తిట్లు. పరిగిలో ఇచ్చిన కూతురి ఇంటికి వచ్చిపోతుంటుందట, అందుకని నింపాదిగా మాట్లాడితే తెలుగు కూడా కొంచెం వచ్చు. తిట్టడానికి మాత్రం కన్నడమే వాడింది. "తలి కెట్టదేను నినగ?" అంది. తల చెడిందా నీకు అని. నేను సంజాయిషీ చెప్పబోతే "సుమ్నె కూడు" అంది. కూడు అన్నది కదా అని, "పొద్దుగాల్నే తిన్న అవ్వా" అన్నాను. బస్సులో సగంమంది నవ్వారు. ఊరికే కూర్చోమని అర్థమని కండక్టరు చెప్పాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఫైలు, కన్నడం, అబద్ధం, జిరాక్స్ మామ, అన్నీ చెప్పేశాను. అవ్వ కాసేపు విని, నా కన్నీళ్ళు గొంగడి కొసతోనే తుడిచింది. (గొంగడితో కన్నీళ్ళు తుడిపించుకున్న వాళ్ళు మళ్ళీ ఏడవరు, మొహం అంతగా గీరుకుపోతుంది.)

"ఏడువకు. సూది గుచ్చెటోళ్ళు ఏం మాట్లాడాలె? నేర్పిస్త" అంది.

జహీరాబాదులో బస్సు మారి, బీదర్ దాకా నేర్పింది. కూర్చో, చెయ్యి చూపించు, నోరు ముయ్యి. అంతే. ఇంకేమైనా మంచి మాటలు నేర్పమంటే, అవసరం లేదంది. ఊరు రాగానే గొంగడి సర్దుకుని దిగి, మళ్ళీ అదే దీవెన ఇచ్చింది: "ఓడు." ఈసారి నాకు అర్థమైంది, పరుగెత్తాను.

ల్యాబుకు చేరేసరికి పదకొండున్నర దాటింది. డాక్టరమ్మ గడియారం చూసింది. కోరమీసాల పెద్దమనిషి ఒకాయన కుర్చీలో వణుకుతూ ఉన్నాడు, సూదంటే భయమట. "ఈయనతోని కన్నడంల మాట్లాడి రక్తం తీయి" అని ఆమె తెర పక్కన నిలబడింది. నాకు అవ్వ గొంతు తప్ప ఇంకో గొంతులో కన్నడం రాదు. ఆ గొంతుతోనే అన్నాను. "సుమ్నె కూడు. కై తోర్సు. బాయి ముచ్చు." ఆయన టక్కున నోరు మూసి చెయ్యి చాపాడు. రక్తం తీసేశాను, ఒక్క గుచ్చుతో. తర్వాత ఆయన వినయంగా పెద్ద ప్రశ్న ఒకటి వేశాడు. నా దగ్గర మిగిలింది ఒక్క వాక్యమే. "తలి కెట్టదేను నినగ?" అన్నాను. (ఇక అన్నం తినొచ్చా అని అడిగాడట పాపం.)

తెర పక్క నుంచి డాక్టరమ్మ, "సాకు, సాకు" అంది.

సాకు. దొరికిపోయాను. లేటుకో, కన్నడానికో, దేనికో నేను సాకు చెప్పానని ఆమెకు తెలిసిపోయింది. ఇక దాచి లాభం లేదనుకుని, "సాకు కాదు మేడం, నిజంగనే బండి ఎల్లిందనుకున్న" అని మొదలుపెట్టి, దరఖాస్తులో గడి దగ్గర నుంచి గొంగడి దాకా మొత్తం కక్కేశాను. ఆమె తెర పట్టుకుని నవ్వి నవ్వి, ఆ కోరమీసాల ఆయన పక్క కుర్చీలో కూలబడింది.

"సాకు అంటే చాలు అని పిల్లా. బాగనే చేసినవు, ఇగ చాలు అన్న. నువ్వు జర నోరు మూసుకునుంటే నాకేం తెల్వకపోవు."

తర్వాత నవ్వు ఆపి, "చెయ్యి మంచిది నీది. నెల రోజులు టైమిస్త. తిట్టకుంట మాట్లాడుడు నేర్చుకో" అంది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. నాయిన, "మామకు నువ్వే చెప్పు బిడ్డ, నాకు నవ్వొస్తది" అన్నాడు.

ఇప్పుడు ఆ ల్యాబులో నేనే పాత మనిషిని. కలలు కూడా కన్నడంలో వస్తున్నాయి. బీదర్ బండిలో ఎక్కడ నల్ల గొంగడి కనిపించినా చాలా ఏళ్ళు లేచి వెళ్ళి మొహం చూసి వచ్చేదాన్ని. ఓడలేదు అవ్వా అని ఒక్క మాట చెప్పాలని. చెప్పలేకపోయినందుకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పోయిన నెల తాండూరు పోదామని వికారాబాదులో దిగి నిలబడ్డాను. నేను దిగిన బండే మళ్ళీ బీదర్ పోవడానికి అదే ప్లాట్‌ఫారం అవతలి పక్కన ఉంది. ఒక పిల్ల గుండెకు ఫైలు హత్తుకుని పరుగున వచ్చి, "బీదర్ బండి ఎల్లిందా ఆంటీ?" అంది. నా చెవులు ఎప్పుడో సరిహద్దు దాటిపోయాయి కదా, ఎక్కడుందని అడుగుతోందనుకున్నాను. "అల్లిదె" అని చెయ్యి చూపించాను. అక్కడుంది అని. ఆ పిల్ల నా చెయ్యి చూడలేదు. మొహం పాలిపోయి, "అయ్యో, ఎల్లిందే" అనుకుంటూ బస్టాండు వైపు తిరిగింది.

ఈసారి వెనక పరుగెత్తింది నేను. మెట్ల దగ్గర దాని చున్నీ పట్టుకుని వెనక్కి లాగి, బండి కేసి తిప్పి వీపు మీద ఒకటి చరిచాను. అప్పటికే కూత వేసింది. నాకు తెలుగు తట్టలేదు. "ఓడు బిడ్డా, ఓడు" అని ప్లాట్‌ఫారం అదిరేలా అరిచాను. అది పరుగెత్తి ఎక్కింది. ఎక్కాక తలుపు దగ్గర నిలబడి, కదులుతున్న బండిలోంచి నన్ను ఒక చూపు చూసింది. ఇంటర్వ్యూకు పోయే పిల్లను ఓడు ఓడు అంటున్నదేంది ఈ ముసల్ది అన్నట్టు.