మొక్కజొన్న చేలో మా గేమ్ డిస్కు

పాత ఆటల్ని కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్‌తో కొన్నాళ్లుగా కుస్తీ పడుతున్నాను. చిన్నప్పుడు అక్కా నేనూ ఆడిన కార్ల రేసు ఈ రోజు నడిచింది గానీ పాటలు రాలేదు. అక్కకు ఆ పాటలే ఇష్టం. వెతికితే తెలిసింది, డిస్కును ఐఎస్‌ఓ ఫైలుగా మార్చినప్పుడు ఆట ఒక్కటే వచ్చిందట. బిన్, క్యూ ఫైళ్లుగా మళ్లీ తీస్తే పాటలూ వస్తాయట. తీరా చూస్తే డిస్కు లేదు. పక్కింట్లోనే ఉండే అక్క భర్తను అడిగాను.

"మొక్కజొన్న సేలో కట్టీసినాను. సిలకలు కండెలు కొట్టేస్తన్నాయి, దాని మెరుపుకి బెదురుతాయని."

"అడక్కుండా ఎలా కట్టీసినావు బావా?"

"కంప్యూటర్లోకి ఎక్కించీసినానని నువ్వే సెప్పినావు గదరా. ఇంకా దాంతో పనేటి?"

ఒళ్లు మండిపోయింది. ఊళ్లో పాత సినిమా సీడీలే కరువయ్యాయా? పరుగున వెళ్లి విప్పి తెచ్చాను. తీగ రాసుకుని డిస్కు నిండా గీతలు. లాప్‌టాప్ దాన్ని గుర్తించనే లేదు. అక్క ఆ మూగ రేసే కాసేపు ఆడింది. బావ మాత్రం చెయ్యి చాపాడు.

"పన్జెయ్యదు గదా, ఇటియ్యి. మళ్లీ కట్టేస్తాను."

మీ ఇంట్లోనూ ఇలాంటి బావ ఉంటే చెప్పండి. చిలకల కాపలాకి ఇద్దర్నీ ఒకే చేలో నిలబెడదాం.