ఖైరున్నీసా మొక్కిన మల్లెలు

జమ్మలమడుగులో బొంతలు కుట్టుకుని బతికే ఖైరున్నీసాకు పంతం ఎక్కువ. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, తల్లిలేని మనవరాలు మున్నీ విషజ్వరంతో మూలుగుతుంటే, ప్రొద్దుటూరు దర్గా ఉరుసుకు పోయి మొక్కుకుంది. పిల్ల బతికితే తన చేత్తో పెంచిన మల్లెలతో ఉరుసు నాడే పీరు గోరీకి పూలచాదర్ కప్పుతానని. పిల్ల బతికింది. ఇక మొదలైనాయి ముసలిదాని తిప్పలు.

కొనుక్కుపోతే సరిపోదా అని పక్కింటి జానీబీ అంటే, బతికింది కొనుక్కొచ్చిన పిల్లా అని కసిరింది. మొక్కు బాకీ ఉన్నన్నాళ్ళూ మున్నీ దగ్గినా తుమ్మినా ఆమె గుండె జారేది.

మొదటి ఎండాకాలం తీగ పసిది, చాదర్ కాదు కదా, జడకు చాలే పూలు కూడా పూయలేదు. మరుసటేడు బావి ఎండింది. పెన్న ఇసుకలో చెలమ తోడి, బిందెలు మోసి పోస్తే, వడగాడ్పు ఒక్క మధ్యాహ్నంలో మొగ్గలన్నీ మాడ్చేసింది. ఆపై ఏడు తీగ నిండా మొగ్గలే! ఖైరున్నీసా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తీరా ఉరుసు ముందర, బక్రీదుకని పెంచుకుంటున్న సొంత పొట్టేలు తాడు తెంపుకుని మొత్తం మేసేసింది. ఖుర్బానీకి అనుకున్న దాన్ని కొట్టడానికి చెయ్యి రాలేదు, తిట్టడానికి నోరూ రాలేదు. కూర్చుని ఏడ్చింది.

ఈలోగా ఉరుసు ఆగుతుందా? అది చంద్రుడి లెక్క, ఏటా పది రోజులు ముందుకు జరుగుతుంది. మల్లె ఎండను చూసి పూస్తుంది. ఇన్ని రంజాన్లు చూసిన మనిషికి ఇది తెలియదా? తెలుసు. తీగను కూడా ముందుకు లాక్కురావచ్చనుకుంది, అదీ ఖర్మ. తీగ మొగ్గ తొడగాలంటే సంక్రాంతి పోయాక ఆపాల్సిన నీళ్ళు కార్తీకంలోనే ఆపింది, ఆకంతా దూసింది, మళ్ళీ ఎరువేసి నీళ్ళు పెట్టింది. చలిలో ఆకు వచ్చింది గానీ మొగ్గ రాలేదు. శివరాత్రి వెళ్ళిన కొద్దిరోజులకే ఉరుసు వచ్చేసింది.

వట్టి చేతులతో బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, దర్గా సేవ చూసుకునే ముజావర్ సిరాజుద్దీన్ ముందు గోడు వెళ్ళబోసుకుంది. ఆయన మంచివాడే, నెమ్మదిగా లెక్కగట్టి చెప్పాడు.

"ఉరుసు మళ్ళా మల్లెల కాలానికి వస్తాది ఆపా. పాతికేండ్ల పైన పడతాది, అంతే."

అంతేనట!

"అప్పటికి నేను యాడుంటా నాయనా? ఆ చాదరేదో నా గోరీకి కప్పుకోండి," అని లేచి వచ్చేసింది.

వైశాఖంలో ఆ పాడు తీగ విరగబూసింది. సందంతా వాసన. జానీబీ దోసెడు పూలడిగితే ఖైరున్నీసా మొహం తిప్పుకుంది. సాయంత్రం మున్నీ దువ్వెన పట్టుకుని తీగ దగ్గరికి పోయి ఒక పువ్వు తెంపింది.

"పీరుకు మొక్కినవి, నీకు గాదు," అంటూ, ఏ పిల్ల ప్రాణం కోసం మొక్కిందో ఆ పిల్ల చేతిమీదే చెళ్ళున కొట్టింది. మున్నీ ఏడ్చుకుంటూ లోపలికి పోయింది. పూలు తీగమీదనే ఎండిపోయాయి.