ఫారంలో రాసిన చేపలు

సబ్సిడీలన్నీ దండగ అని మా ఆఫీసులో ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి అన్నా మండుతుంది. ఇద్దరూ మా అమ్మని అడక్కుండా తీర్పులు చెప్పేవాళ్ళే.

అమ్మ విశాఖ ఒడ్డున నెత్తళ్ళు ఎండబెట్టి అమ్ముతుంది. వేలెడంత కూడా ఉండని సముద్రపు చిరుచేపలవి. ఇసకలో పరిచాక గట్టి జల్లు పడిందంటే తట్టలకి తట్టలు కుళ్ళిపోతాయి. సోలార్ డ్రయ్యర్‌కి సబ్సిడీ ఇస్తున్నారని తెలిసి, దువ్వాడలో ఉద్యోగం చేసుకుంటున్న నేను పరుగెత్తుకెళ్ళి ఫారం నింపాను. ఏమి ఎండబెడతారు అన్నచోట ‘చేపలు’ అని రాశాను.

పెట్టె వచ్చింది. అద్దం మూత, లోపల తళతళలాడే స్టీలు ట్రేలు. అమ్మ మొదటి తట్ట పరిచింది. సగం నెత్తళ్ళు ట్రేల కన్నాల్లోంచి జారి కిందపడ్డాయి.

"ఏటి రాసావే అందులో?"

"చేపలని."

"సేపలంటే సేపలే, నెత్తళ్లు నెత్తళ్లే! అంత సదువు సదివి ఇదేటే?"

మా పేటలో చేప అంటే కోసి ముక్కలు చేసేది. అక్కడే పుట్టి పెరిగిన నాకే ఆ మాట గుర్తు రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

అమ్మ తిడుతూనే పాత వల ముక్కలు తెచ్చి ట్రేల మీద బిగించి కట్టేసింది. ఆ వారమంతా కాసేపు ఎండ, కాసేపు జల్లు. గుప్పెడు నెత్తళ్ళు కూడా పాడవలేదు. అమ్మ అంత సంతోషంగా ఉండటం చూసి ఎన్నాళ్ళయిందో.

అప్పుడొచ్చాడు తనిఖీ ఆయన.

"మేడమ్, ఫారంలో చేపలనే ఉంది. యూనిట్‌కి మార్పులు చెయ్యకూడదు. వల తీసేస్తారా, పెట్టె తీసుకెళ్ళమంటారా?"

"చిన్న కన్నాల ట్రేలు ఇవ్వండి సార్" అన్నాను.

"ఈ స్కీములో లేవండి."

నేను పిరికిదానిలా ముడులు విప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

"నెత్తళ్లు ఆరని పెట్టె నాకెందుకు బాబూ? అట్టుకెళ్లిపోండి!"

ఆయనతో వచ్చిన మనుషులు వల కోసి ఇసకలో పడేసి, పెట్టెని వ్యాన్ ఎక్కించారు. వెళ్ళేముందు ఆయన ఒక కాగితం మీద అమ్మ వేలిముద్ర వేయించుకున్నాడు. ‘లబ్ధిదారుకు ఆసక్తి లేదు’ అని ఉంది.

"ఏటంటాడు?" అంది అమ్మ.

"నీకు అక్కర్లేదని రాశాడు."

అమ్మ సముద్రం వైపు తిరిగి కూచుంది. మర్నాడు ముసురు పట్టింది. నాలుగు తట్టల నెత్తళ్ళు గొయ్యి తీసి పూడ్చాం.