కుర్బానీ కోసం ఆపిన మాత్ర

మాది కదిరి. కసాయి పని. ఒక శుక్రవారం పొద్దున పొట్టేలు తోలు ఒలుస్తాంటే ఎడమ చెయ్యి బరువెక్కె, చొక్కా చెమటకు తడిసిపోయె. గ్యాసే అనుకుని సోడా తాగినా. మా ఇంటామె షమీమ్ నా మాట వినకుండా ఆటో ఎక్కించింది. కదిరి ఆసుపత్రోళ్లు అంబులెన్సులో అనంతపురం పంపితే, అక్కడ యాంజియోగ్రామ్ తీసి, ఆ పొద్దే గుండె రక్తనాళంలో స్టెంట్ వేసినారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టర్ రెండు మాత్రలు చూపించినాడు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. "స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టకుండా ఇవే కాపాడేది. నేను చెప్పేదాకా ఒక్కరోజు కూడా మానొద్దప్పా" అన్నాడు. సరే అన్నా.

మూడు నెలలకు అంగడి తెరిచినా. కత్తితో పని, గాటు పడకుండా ఉంటుందా? ముందు పసుపు అద్దితే నిలిచేది. ఇప్పుడు ఆ మాత్రల వల్ల గుడ్డ తడిసిపోయినా రక్తం నిలవదు. ఒకరోజు నా నెత్తురు చుక్క కైమా మీద పడె. కొనేకి వచ్చింది మా వీధి పెద్ద ఖాదర్ భాయ్. కైమా తీసుకోకుండానే పోయినాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

బక్రీద్ దగ్గరకొచ్చె. ఏటా పదిండ్ల కుర్బానీ నా చేతిమీదే జరుగుతుంది. అల్లా పేరిట కోసే మాంసంలో నా నెత్తురు పడితే ఏం మొగం పెట్టుకునేది? వారం ముందు మాత్రలు రెండూ ఆపేసినా. డాక్టర్‌ను అడగలేదు, వద్దంటాడని తెలుసు. "మింగినారా?" అని షమీమ్ రోజూ అడిగేది. "మింగినాలేవే" అని కసురుకునేవాణ్ణి.

పండగ పొద్దున గాటు పడినా రక్తం ఇట్టే నిలిచె. ఎంత సంబరమో నాకు! మూడో ఇల్లు ఖాదర్ భాయ్‌దే. కత్తి తీసుకున్నా. రొమ్ము మీద బండ పెట్టినట్లయింది. అదే నొప్పి. "భాయ్, మాత్రలు ఆపేసినా" అని మాత్రం అనగలిగినా.

ఆయన పొట్టేలును అట్లే వదిలేసి, నన్ను కారులో ఏసుకుని అనంతపురం దోవ పట్టినాడు. దోవలో ఇంటికాడ ఎక్కిన షమీమ్ నా చెయ్యి వదల్లేదు. "నాకే అబద్ధం చెప్తిరే" అని ఒకటే ఏడుపు. సచ్చిపోతానేమో అన్న భయం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

స్టెంట్‌లో గడ్డ కట్టిందన్నారు. బెలూన్ పెట్టి తెరిచి, ఐసీయూలో ఉంచినారు. గుండె పంపింగ్ తగ్గిపోయె. డాక్టర్ మండిపడినాడు. "వేలు తెగితే నువ్వే అదిమి పట్టుకోవచ్చు. స్టెంట్ మూసుకుంటే ఎవురు పట్టుకోవాల? రక్తం నిలవలేదని నాకు చెప్పింటే దోవ చూపించేవాణ్ణి గదప్పా!"

ఏడాది దాటినాక ఎకో చూసి ఆయనే అన్నాడు, "క్లోపిడోగ్రెల్ ఇంక చాలు. ఆస్పిరిన్ మాత్రం మానొద్దు." సొంతంగా ఆపుకున్న మొండోణ్ణి, ఆపమంటే వణికినా. మూడుసార్లు అడిగి చీటీ మీద రాయించుకున్నా.

ఇప్పుడు స్టీల్ గ్లౌజు వేసుకుని కోస్తాండా. బరువులు ఎత్తలేను. మీకు చెప్పేది ఒకటే. రక్తం కారినా, పన్ను పీకించుకోవాల్సి వచ్చినా, గుండె డాక్టర్‌ను అడక్కుండా ఆ మాత్ర ఆపొద్దండి.

ఈ బక్రీద్‌కు ఖాదర్ భాయ్ మళ్లా నన్నే పిలిచినాడు. కత్తి అందుకోబోతే ఆగమన్నాడు. షమీమ్‌కు ఫోన్ కలిపి, "ఈయన మాత్ర మింగినాడామ్మా? నీ కండ్లారా చూసినావా?" అని అడిగినాడు. ఆమె చూసినానని చెప్పినాకనే కత్తి నా చేతికిచ్చినాడు.