మామ విమానంలో ఖాళీ సీటు

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసిందంటే చాలు, వెనక గదిలో మా విమానాల ఫ్యాక్టరీ మొదలయ్యేది.

ఊరు బేతంచెర్ల. బండలు కోసే మిషన్లు తిరుగుతూనే ఉండేవి... ఊరంతా తెల్ల దుమ్ము. పొద్దున తలకు నూనె పెట్టుకుని బయటికొస్తే సాయంత్రానికి తల నెరిసి ఇంటికి పోయేవాళ్ళం.

ఫ్యాక్టరీకి ఓనరు సామేలు మామ. మిలిటరీలో విమానాలు బాగుచేసే పని చేసి, రిటైరై ఊరికొచ్చినాడు. వచ్చేటప్పుడు ఒక ఇనప ట్రంకు నిండా ప్లాస్టిక్ విమానాల కిట్లు తెచ్చుకున్నాడు. పనిచేసిన ఊర్లలో పాత సామాన్ల అంగళ్ళలో ఏరుకున్నవంట. అట్టపెట్టెల మీద బొమ్మలు వెలిసిపోయి, మాకంటే పెద్ద వయసున్న కిట్లు...

పనివాళ్ళం నేను, ఖాజా, సునీత. చట్రానికి అంటుకున్న ముక్కల్ని మామ బ్లేడుతో కోసిచ్చేవాడు. మేము అంచులు ఉప్పు కాగితంతో రుద్ది, జిగురు పెట్టి, ఊపిరి బిగబట్టి పట్టుకునేవాళ్ళం. అయిపోయిన విమానాన్ని దారం కట్టి దూలానికి వేలాడదీసేవాళ్ళం.

ప్రతి కిట్‌లో వేలిగోరంత పైలట్ బొమ్మ ఉండేది. వాణ్ణి కూర్చోబెట్టి పైన గాజులాంటి మూత అతికిస్తే విమానం పూర్తయినట్టు. మామ సొంతంగా చేసుకున్న విమానంలో మాత్రం పైలట్ లేడు, మూత కూడా లేదు.

అడిగితే చాలా రోజులు చెప్పలేదు. ఒకరోజు చెప్పినాడు.

"ఒక సారు ఉండె. పైకి పోయేముందు బెల్టు నేనే కట్టినా. మూత నేనే వేసినా. విమానమూ దొరకల్యా, మనిషీ దొరకల్యా. వస్తే కూచుంటాడని ఉంచినా."

ఆ విమానం రెక్కల మీద దుమ్ము... తోక మీద దుమ్ము... సీటులో మాత్రం ఉండేది కాదు. మనిషి కూర్చుని లేచిన చోటులాగా నల్లగా, శుభ్రంగా ఉండేది.

"మామే తుడుస్తాండాడు లేప్పా," అనేవాడు ఖాజా. మా జేజికి, అంటే నాయనమ్మకు చెబితే ఆమె నన్నే తిట్టింది. "ఉత్త ఉయ్యాలే ఊపగూడదంటారు. మీరు ఉత్త సీటు కట్టి ఊపుతాండారు. ఎవరో ఒకరు వచ్చి కూచోకుండా ఉంటారా?" ఆ తర్వాత ఆ గదిలోకి నేనెప్పుడూ ముందు పోలేదు. ఖాజా వెనకే.

అట్లాంటి రోజుల్లోనే సునీతవాళ్ళ నాయన కనబడకుండా పోయినాడు. లారీ డ్రైవరు. బండల లోడు దించి తిరిగొస్తూ దారిలోనే మాయమైనాడు. లారీ రోడ్డు పక్కన ఉంది, తాళం చెవి లారీలోనే ఉంది, అన్నం క్యారేజీ కూడా విప్పలేదు. ఎంత వెతికినా మనిషి ఆచూకీ లేదు.

ఆ నెలలోనే సునీత ఒక విమానం మొదలుపెట్టింది. మమ్మల్ని చెయ్యి పెట్టనియ్యలేదు. పైలట్ లేకుండా, మూత లేకుండా చేసి, మామ విమానం పక్కనే కట్టింది. మామ వద్దనలేదు, స్టూలు మాత్రం కదలకుండా పట్టుకున్నాడు.

ప్రతి ఆదివారం స్టూలెక్కి సీటులోకి తొంగి చూసేది. దుమ్ము పడింది. వారం వారం మందమైంది. దుమ్ము చూసి అంత సంతోషపడిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"మా నాయన ఈడికి రాల్యా. అంటే బతికే ఉండాడు," అనేది.

కొన్నాళ్ళకు పెద్దవాళ్ళు ఆదరణ కూడిక పెడదామన్నారు. చనిపోయినవాళ్ళ ఇంట్లో అందరూ చేరి చేసే ప్రార్థన అది. పెడితే పోయినట్టు ఒప్పుకున్నట్టే. సునీత ఒప్పుకోలేదు, వాళ్ళమ్మ కూతురి మాట కాదనలేదు. మేనమామలు కోపంతో రాకపోకలు మానుకున్నా తల్లీకూతుళ్ళు మెత్తబడలేదు.

తర్వాత మామ పోయినాడు. ఎండాకాలమంతా గదికి తాళం. తీసిన రోజు ఖాజా నేరుగా స్టూలెక్కినాడు. అన్నిటి మీదా వేలు మందాన దుమ్ము... మామ విమానం సీటు మాత్రం ఎప్పటిలాగే నల్లగా ఉంది. కిందికి దిగి, "పోదాం పాండప్పా," అన్నాడు. అప్పటినుంచి తుడుస్తాండాడనే మాట వాడి నోట రాలేదు.

ఇప్పుడు మేం ముగ్గురం మళ్ళీ ఆదివారాలు అక్కడే కూర్చుంటున్నాం. నా జుట్టుకు ఇప్పుడు దుమ్ముతో పని లేదు, అదే తెల్లబడింది. పాత కిట్లు ఖాజా ఫోన్‌లో వెతికి తెప్పిస్తాడు. సునీత రాగానే స్టూలెక్కుతుంది. ఇంతకాలం నవ్వుతూనే దిగేది.

పోయిన ఆదివారం ఎక్కింది... దిగలేదు.

నేనూ పక్కన కుర్చీ వేసుకుని చూసినాను. సీటు శుభ్రంగా ఉంది. ముందు వారం దాకా ఉన్న దుమ్ము లేదు. గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. కుర్చీ దిగి, ఖాజాకు చెప్పి, వాడి వెనకే నిలబడినాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

"ఇప్పుడు ఊర్లో దుమ్ము యాడుండాది సునీతా... అన్నీ నీళ్ళు పోసి కోసే మిషన్లే గదా," అన్నాడు ఖాజా.

ఆమె తన విమానం రెక్క మీద వేలితో గీసి వాడికి చూపించింది. వేలు తెల్లగా ఉంది.

గాలి లేదు, ఫ్యాన్ వెయ్యలేదు. ఆ విమానం మెల్లగా ఊగుతోంది... ఎవరో ఇప్పుడే ఎక్కినట్టు.

సునీత కొంగు తలమీద కప్పుకుంది. "శానా దూరం నుంచి వచ్చినట్టుండాడు మా నాయన," అనింది.

ఈ ఆదివారం వాళ్ళింట్లో ఆదరణ కూడిక. అలిగిన మేనమామలకు కూడా ఆమే ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు ఫోన్ ఎత్తకపోతే పది నిమిషాలకే విసుక్కుంటాం. ఆ రోజుల్లో మనుషుల కోసం ఇట్లా ఎదురుచూసేవాళ్ళు... మీ ఇళ్ళల్లో కూడా ఎవరికోసమన్నా ఉంచిన చోటు ఉంటే రాయండి. రాసేముందు ఒకసారి పోయి చూడండి... ఇంకా ఖాళీగానే ఉందేమో.