ఆయిల్లోకి వచ్చిన నీళ్లు

నాకు ముక్కు మీద కోపం. వయసుతో పాటు కొంత తగ్గింది గానీ, ఇరవయ్యారేళ్లప్పుడు, హనుమకొండ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటారు మిస్త్రీనయ్యానని ఛాతీ విరుచుకు తిరిగే రోజుల్లో, "తెలియదు" అనే మాట నా నోట వచ్చేది కాదు. హైదరాబాదులో ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు పానాలు అందించి, తిట్లు తిని, చేతులు కాల్చుకుని పని నేర్చుకున్నవాణ్ణి. తెలియదంటే ఆ ఆరేళ్లూ దండగైపోయినట్టే అనుకునేవాణ్ణి. ఆ పొగరుతో ఒక మంచి మనిషి మీద దొంగ అనే ముద్ర వేయించాను. ఎలా వేయించానో ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప ఏం చేయను?

అరవైల మొదట్లో వరంగల్ మట్టెవాడలో ఒక మిర్చి సేటుకు కారు ఉండేది. విలాయతీ కారు, అప్పటికే బాగా పాతబడింది. దాన్ని నడిపే డ్రైవరుకు యాభై దాటాయి. బజారంతా ఆయన్ను కాకా అని పిలిచేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఉతికిన ఖాకీ చొక్కా, నుదుట విభూతి, పెద్దగా మాట్లాడని మనిషి. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఈగలు తోలుకుంటూ కూర్చుంటే, మొదటి బండిని తెచ్చి నా ముందు నిలిపింది ఆయనే. పిలగాడు మంచిగ చేస్తడని సేటును ఒప్పించి మరీ తెచ్చాడు.

ఒక ఎండాకాలం పొద్దున సేటు, కాకా ఇద్దరూ కారు తీసుకుని వచ్చారు. ఇంజన్ మోత తేడాగా ఉందని కాకా అన్నాడు. ఆయిల్ ఎంతుందో చూసే కమ్మి బయటికి లాగాను. దానికి అంటుకున్నది ఆయిల్ కాదు, పాలెక్కువైన చాయ్. పైన ఆయిల్ పోసే మూత తీసి తిప్పి చూస్తే, లోపలివైపు పసుపుపచ్చని వెన్న పేరుకుని ఉంది.

మోటారు సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఇంజన్‌లో నీళ్ల దారి వేరు, ఆయిల్ దారి వేరు. నీళ్లు రేడియేటర్ నుంచి వచ్చి, మంట మండే చోటు చుట్టూ తిరిగి చల్లబరుస్తాయి. ఆయిల్ కింద చాంబర్‌లో ఉండి, తిరిగే ఇనుము అరిగిపోకుండా కాపాడుతుంది. మధ్యలో ఇనప గోడ ఉంటుంది. రెండూ కలిశాయంటే ఇంజన్‌కు నూకలు చెల్లినట్టే. కలవడానికి దారులు మూడు. ఇంజన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ నడుమ ఉండే గ్యాస్కెట్ కాలిపోవాలి, లేదా ఇనుము పగలాలి, లేదా ఎవరైనా చేత్తో పోయాలి.

సేటు నన్ను పక్కకు పిలిచాడు.

"మిస్త్రీ, మా గుమాస్త చూసిండట. కాక బండ్లోళ్లకు డబ్బలల్ల ఆయిల్ ఇస్తాండట. తీసినంత జాగల నీళ్లు పోస్తాండేమో అని నా అనుమానం."

నాకు ఒళ్లు మండింది. "అది మాడిపోయిన నల్ల ఆయిల్ సేటు. నేనే ఇచ్చిన. ఎడ్లబండ్ల ఇరుసులకు పూసుకుంటరు. దేనికీ పనికిరాదది."

"సరే, నువ్వే ఇచ్చినవ్ అనుకుందాం. మరి నీళ్లు ఎక్కడియి?"

దానికి జవాబు చెప్పడానికి రెండు రోజులు గడువు అడిగాను. ఆ జవాబు మీదే కాకా కొలువు ఆధారపడిందని ముగ్గురికీ తెలుసు. కాకా మాత్రం ఏమీ పట్టనట్టు కారు అద్దం తుడుస్తూ ఉన్నాడు.

మొదట చాంబర్ కింది బోల్టు విప్పాను. ముందు గ్లాసుడు శుభ్రమైన నీళ్లు వచ్చాయి, తర్వాత బూడిదరంగు చిక్కటి ఆయిల్ వచ్చింది. నీళ్లు బరువు కాబట్టి అడుక్కు చేరతాయి, అందులో వింత లేదు. గ్యాస్కెట్ పోయిందనే నమ్మకంతో హెడ్ దింపాను. గ్యాస్కెట్‌ను ఎండలో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఎక్కడా కాలలేదు, చిరగలేదు. కొత్త పెళ్లికూతురిలా ఉంది ముండ. చేత్తో తడిమాను, వాసన చూశాను. ఉస్తాద్ చెప్పిన పాఠాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగమయ్యాయి.

కొత్త గ్యాస్కెట్ వేసి హెడ్ ఎక్కించాను. కింది బోల్టు తీసే ఉంచి, రేడియేటర్ మూతి దాకా నీళ్లు నింపి, గోనెసంచి పరుచుకుని కారు కింద పడుకున్నాను. లోపల పగులుంటే బోల్టు రంధ్రంలోంచి నీళ్లు కారాలి. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కన్నార్పకుండా చూశాను. ఒక్క చుక్క రాలలేదు. రేడియేటర్‌లో పుల్ల ముంచి గుర్తు పెట్టాను. మర్నాడు చూస్తే నీళ్లు ఆ గుర్తు దగ్గరే ఉన్నాయి.

నాకు పిచ్చెక్కినట్టయింది. నీళ్లు వచ్చాయి, కానీ ఎక్కడి నుంచీ రాలేదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయేవాణ్ణి. చివరికి, షెడ్డు బయట బల్ల మీద కూర్చున్న కాకా దగ్గరికి వెళ్లాను.

"కాకా, సక్కగ చెప్పు. రేడియేటర్ల నీళ్లు తగ్గుతానయా?"

"తగ్గయి బిడ్డా. ఎప్పుడు జూసినా మూతి దాక ఉంటయి."

"మంచిగ యాది చేసుకో."

"యాది చేసుకునుడేంది. దినాం జూస్త గద నేను."

ఆ మాటతో నా తలలో చివరి తలుపు కూడా మూసుకుపోయింది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గకుండా ఆయిల్లోకి నీళ్లెలా వస్తాయి? ఎవరైనా పోస్తేనే రావాలి. కానీ కాకా పోశాడని నా మనసు ఒప్పుకోలేదు. పోసినవాడైతే, నీళ్లు తగ్గుతున్నాయని అబద్ధం చెప్పి బయటపడేవాడు కదా! ఆ ఆలోచన నాకు వచ్చింది. వచ్చి కూడా నిలవలేదు.

సాయంత్రం సేటు వచ్చాడు. కాకా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏం తేలింది మిస్త్రీ?"

తెలియదు సేటు, ఇంకో నాలుగు రోజులు ఇవ్వు. ఈ ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ వరంగల్లో పెద్ద మిస్త్రీనని చెప్పుకునే నేను, రెండు రోజులు కారు కింద దొర్లి తెలియదనడమా అనిపించింది.

"ఇంజన్ల తప్పు లేదు సేటు. నీళ్లు లోపల్నుంచి వచ్చినయి కావు" అన్నాను.

సేటు కాకా వైపు తిరిగాడు. "లోపల్నుంచి రాకపోతే పైనుంచి ఎవలు పోసిన్రు?"

కాకా సేటును చూడలేదు, నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే నాకు నయంగా ఉండేది. నాకు తెలియనిది నీకు తెలిసిందా బిడ్డా, అన్నట్టు చూశాడు. తాళంచెవి బానెట్ మీద పెట్టి, చెప్పులేసుకుని, రోడ్డు వెంట నడిచి వెళ్లిపోయాడు. కాకా పోశాడని నేను అనలేదు కదా అని ఆ రోజంతా నాకు నేనే చెప్పుకున్నాను. అది ఉత్త బుకాయింపు అని తెలిసే చెప్పుకున్నాను.

కారుకు కొత్త ఆయిల్ పోసి పంపించాను. సేటు తమ్ముడి కొడుకు నడపడం మొదలుపెట్టాడు. ఐదో రోజున కారును లారీకి తాడు కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. మిర్చి బేరానికి నెక్కొండ పోయి వస్తుంటే దారిలో ఇంజన్ ఆవిర్లు కక్కి ఆగిపోయిందట. రేడియేటర్ మూత తీశాను. ఎండిపోయి ఉంది. కమ్మి లాగాను. మళ్లీ అదే చాయ్.

"నీళ్లెందుకు పొయ్యలేవు?" అని ఆ అబ్బాయి మీద అరిచాను.

"నీళ్లు తగ్గయని కాకనే అన్నడట గద. మరి నేనెందుకు పోస్త?"

ఐదు రోజులుగా కాకా ఈ కారు దరిదాపులకు రాలేదు. అయినా ఆయిల్లో నీళ్లున్నాయి. తగ్గవన్న నీళ్లు తగ్గాయి. అయితే ఇన్నాళ్లూ ఎందుకు తగ్గలేదు? కాకా అబద్ధమాడాడా? ఆడితే తనకే నష్టమైన అబద్ధం ఎందుకు ఆడతాడు? నా బుర్రకు ఏమీ అందలేదు. సైకిల్ తీసి హనుమకొండలో ఆయన ఇంటికి తొక్కాను.

కాకా వాకిట్లో మంచానికి నులక అల్లుతున్నాడు. నన్ను చూసి లేచి పీట వేశాడు. అది నాకు చెంపదెబ్బకంటే ఎక్కువగా తగిలింది.

"కాకా, నువ్వు రేడియేటర్ల నీళ్లు పోసేటోనివా?"

"లేదు బిడ్డా. పొయ్యాల్సిన పని ఎన్నడు పడలే."

"అసలే పొయ్యలేవా?"

"పొద్దుగాల మొక్కేటప్పుడు తప్పితే."

మెల్లగా అడిగితే మెల్లగా చెప్పాడు. రోజూ పొద్దున స్నానం చేసి, తడి తలతోనే, ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి చెంబుతో బండికి నీళ్లు పోసేవాడు. తులసికోటకు పోసినట్టే. మూత తీసి, కళ్లు మూసుకుని, గంగమ్మ తల్లీ సల్లగ చూడు అనుకుంటూ పొర్లిపోయేదాకా పోసి, మొక్కి, మూత పెట్టేవాడు. పాతికేళ్లుగా ఏ బండి నడిపినా అంతే. ఆ తర్వాతే కళ్లు తెరిచి నీళ్లెంత ఉన్నాయో చూసేవాడు. మూతి దాకా ఉండేవి.

"నింపుడు గాదు బిడ్డా అది. మొక్కుడు" అన్నాడు.

"చెంబుల ఎంత పట్టేది కాకా?"

"మునుపు జరంతనే పట్టేది. మిగిలింది పొర్లేది. ఈ ఎండకాలం నుంచి చెంబంత పడ్తాంది." కాస్త ఆగి, సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "గంగమ్మ తల్లి నా మొక్కు తీసుకుంటాంది అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆ దేవత తాగిందనుకున్న నీళ్లు కొన్ని ఆవిరైపోయి, మిగతావి చాంబర్‌లోకి దిగాయి. అమ్మ ఆదరిస్తోందని ఆయన రోజూ సంతోషపడుతుంటే, నేను ఆయన్ను దొంగను చేశాను. నేను అడగవలసింది నీళ్లు తగ్గుతున్నాయా అని కాదు, పొద్దున లేచి ఏం చేస్తావని. కానీ అలా అడగాలని ఏ ఉస్తాద్ నేర్పుతాడు?

షెడ్డుకు తిరిగొచ్చి రేడియేటర్ నింపి, ఇంజన్‌ను బాగా వేడెక్కేదాకా నడిపించి, ఆపి, వెంటనే చాంబర్ మొత్తం ఖాళీ చేసి కిందికి దూరాను. ఈసారి చుక్క రాలింది. దాని వెనక ఇంకోటి రాలింది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, ఇనుము కాగినప్పుడు తెరుచుకునే పగులు అది. నేను రెండు రోజులూ చల్లటి ఇంజన్ కిందే పడుకున్నాను. బ్లాకు విప్పి, కిరసనాయిలు పూసి తుడిచి, ఆరనిచ్చి, సుద్దపొడి చల్లితే వెంట్రుకంత గీత తేలింది.

మర్నాడు మట్టెవాడలో సేటు దుకాణానికి వెళ్లి, బేరగాళ్లంతా వినేలా చెప్పాను. "ఇనుము పగిలింది సేటు. కాక తప్పు లేదు. తెల్వక తెల్సినట్టు చెప్పిన. తప్పు నాది."

సేటు మిర్చి ఘాటుకు రెండుసార్లు తుమ్మి, "గట్లనా. సరే, రమ్మను" అన్నాడు. అంతే. నేను అన్న మాట ఒక మనిషిని రోడ్డు మీద పడేసింది, ఇప్పుడు ఆ మనిషి పరువు ఒక్క 'రమ్మను'తో తిరిగొచ్చిందని సేటు లెక్క. నాకు సేటు మీద కోపం వచ్చింది. నాకేం హక్కుందని వచ్చిందో కూడా తెలియదు.

బ్లాకును హైదరాబాదు పంపి పగులు వెంట రాగి మరలు బిగించి తెప్పించాను. కాకా తిరిగి కొలువులో చేరాడు. అంతా సర్దుకుందనుకున్నాను. పది రోజుల తర్వాత పొద్దున్నే ఏదో పని మీద మట్టెవాడ వైపు వెళితే, సేటు ఇంటి ముందు కారు బానెట్ లేపి ఉంది. కాకా తడి తలతో, చెంబు చేత్తో పట్టుకుని, నీళ్లు పోయకుండా నిలబడి ఉన్నాడు.

"ఏంది కాకా, నిలవడ్డవ్?"

"ఎవరన్న వస్తరేమోనని సూస్తాన్న బిడ్డా. నువ్వొచ్చినవ్ గద, జర సూడు."

నేను చూస్తూ నిలబడ్డాను. ఆయన రేడియేటర్ మూత తీసి పోశాడు. కళ్లు మూసుకోలేదు, గంగమ్మను తలవలేదు. ఒక చేత్తో పోస్తూ, రెండో చెయ్యి విప్పి నాకు కనబడేలా పెట్టుకున్నాడు. ఆయిల్ పోసే మూత వైపు వేలు కూడా పోనివ్వలేదు.

ఎవరూ రాని రోజున ఎండెక్కేదాకా అలాగే నిలబడతాడని వాకిలి ఊడ్చే ఆమె చెప్పింది. ఆ మర్నాటి నుంచి, కాకా కొలువు మానేసిన రోజు దాకా, షెడ్డుకు వెళ్లే ముందు చుట్టుదారైనా సరే నేను మట్టెవాడ మీదుగానే వెళ్లాను. నువ్వు పోసుకో కాకా, ఇంకెవరూ చూడక్కర్లేదని ఎన్నోసార్లు చెప్పాను. ఆయన కాదనేవాడు కాదు. పోయడం అయ్యాక చెంబు బోర్లించి, ఆఖరి చుక్క దాకా దులిపి, "చూసినవ్ గద" అనేవాడు.