ఫర్నేసు ఆరిన రెండు గంటలు

ఉదయం పది గంటలకు కరెంటు పోయింది. ల్యాబులో ఎవరూ తలెత్తి చూడలేదు. ఫ్యాను నెమ్మదించి ఆగింది. మూలనున్న ఫర్నేసు మీది ఎర్రదీపం ఆరింది. అక్క కిటికీ రెక్కలు రెండూ తెరిచి, గుడ్డు పెంకుల బేసిను ముందుకు లాక్కుని కూర్చుంది.

అది తొంభైల చివర, తిరుపతిలో, కెమిస్ట్రీ విభాగం వెనకవైపు గది. ఆ ఎండాకాలం రోజూ పది నుంచి పన్నెండు దాకా కరెంటు కోత ఉండేది. నేను పరిశోధనలో చేరి ఏడాది కూడా కాలేదు. ఆమెకు ఐదో ఏడు. నాకంటే పెద్దది కాబట్టి అక్కా అనేదాన్ని. నగరిలో మగ్గాలున్న ఇల్లు వాళ్లది. పొద్దున్నే రైలెక్కి, రేణిగుంటలో దిగి, అక్కడినుంచి బస్సులో వచ్చేది.

కోడిగుడ్డు పెంకుల నుంచి ఎముకలో ఉండే ఖనిజాన్ని తయారు చేయడం ఆమె పని. ఎముక విరిగి ముక్క పోయినచోట ఆ ఖాళీని పూడ్చడానికి అది పనికొస్తుంది. పెంకులు కడిగి, లోపలి పొర ఒలిచి, కాల్చి సున్నం చేయాలి. ఆ సున్నాన్ని నీళ్లలో కలిపి, అల్ట్రాసౌండ్ తొట్టిలో ఉంచి, ఫాస్ఫేటు ద్రావణం చుక్కచుక్కగా పోయాలి. తొట్టి సన్నగా కీచుమంటూ ఉండేది. ఆ తరంగాల తాకిడికి రేణువులు ఉండ కట్టకుండా మెత్తగా వచ్చేవి. చివరకు మిగిలిన తెల్లటి పొడిని బిళ్లలుగా నొక్కి ఫర్నేసులో కాలిస్తే గట్టిపడేవి.

గట్టిగా ఉంటే చాలదు. ఎముక లోపలికి పెరగాలంటే బిళ్లలో సన్నటి రంధ్రాలుండాలి. అందుకు అక్క గంజి వాడింది. వాళ్లింట్లో మగ్గం మీది పడుగు దారాలకు పట్టించే గంజినే కాచి తెచ్చి పొడిలో కలిపేది. కాల్చినప్పుడు గంజి మండిపోయి, అది ఉన్నచోట ఖాళీ మిగులుతుంది.

మా గదికి ఒక అటెండరు ఉండేవాడు. పాకాల మనిషి, రిటైరయ్యే వయసు. హాస్టలు మెస్సు నుంచి పెంకుల సంచి మోసుకొచ్చేది ఆయనే.

"ఎముకలు కావల్లంటే పుత్తూరుకు పోవల్ల గానీ, ఈ పెంకులు ఏరే కర్మ మనకేందమ్మా?" అనేవాడు.

"పుత్తూరులో కట్టు కడతారు పెద్దాయనా. కొత్త ఎముక పెడతారా?"

"కట్టు కడితే అదే అతుక్కుంటాది. మీదే ఆలీసం. ఐదేండ్లాయె, ఒక కోడికాలన్నా అతికించినారా?"

"నీ కాలు ఇరిగితే చెప్పు, మొదట నీకే పెడతా."

"నాకొద్దు తల్లీ. పొద్దున లేస్తానే గుడ్డు పెట్టమంటే యాడికి పోయేది?"

రంధ్రాలు ఉన్నాయో లేదో చూడటానికి పెద్ద పరికరాలు మా దగ్గర లేవు. కాలిన బిళ్ల మీద అక్క ఒక సిరా చుక్క వేసేది. చుక్క వెంటనే లోపలికి ఇంకిపోతే బిళ్ల బాగున్నట్టు. తర్వాత దాన్ని నీళ్లలో మరిగించి, ముందూ వెనకా తూచి ఎన్ని నీళ్లు పట్టాయో లెక్క కట్టేది. ఆ ఎండాకాలం మూడు విడతలు చేసింది. మూడింట్లోనూ సిరా ఇంకింది. ఆమె థీసిస్‌లో ముఖ్యమైన అధ్యాయం ఆ మూడు విడతల మీదే నిలబడింది.

వానలు మొదలయ్యాక, మేం సార్ అని పిలిచే మా గైడు ఇంకొక విడత చేయమన్నారు. థీసిస్ ఇచ్చేముందు ఒకసారి తిరగజేయించడం ఆయన పద్ధతి. ఈసారి సిరా చుక్క ఇంకలేదు. బిళ్ల పైనే నిలిచి ఆరిపోయింది. ఐదో విడతా అంతే. ఆరోదానికి బిళ్లలు నెర్రెలిచ్చాయి.

సార్ ఆమెను తన గదికి పిలిచారు. నన్నూ రమ్మన్నారు. నోటుబుక్కు ముందు పెట్టుకుని, గొంతు పెంచకుండా అడిగారు.

"చూసిందే రాసినావా, రావాల్సింది రాసినావా?"

"చూసిందే సార్."

"మరి ఇప్పుడెందుకు రాలే?"

"తెలీదు సార్."

"తెలీదంటే ఎట్లమ్మా? రేపు బయటినుంచి పరీక్ష చేసేవాళ్లు అడిగితే నేనేం చెప్పేది?"

ఆ నెలాఖరుకు ఆమె గడువు అయిపోతుంది. ఆ అధ్యాయం తీసేస్తే ఇవ్వడానికి థీసిస్ ఉండదు. బయటికొచ్చాక వరండాలో నిలబడింది. గడువు సంగతి ఎత్తలేదు.

"అబద్ధం రాసినానని అనుకుంటాండాడు సారు," అంది. మళ్లీ, "ఆ పుస్తకం సూస్తే నాకూ అట్లనే అనిపిస్తాండాది," అంది.

ఇద్దరం కూర్చుని నోటుబుక్కు మొదటినుంచి చదివాం. పెంకులు ఎన్ని గ్రాములు, ఎన్నిసార్లు కడిగింది, తొట్టిలో నీళ్ల వేడి ఎంత, గంజి ఎంత, ఫర్నేసు ఎన్నింటికి వేసింది, ఎంత వేడికి చేర్చింది. అన్నీ ఒక్కటే. గంజి తేడా అయిందేమోనని ఎండాకాలం వాడిన బియ్యంతోనే మళ్లీ కాచి తెచ్చింది. దానితో ఏడో విడత పెట్టింది.

ఆ ఉదయం అటెండరు టీ తెచ్చి, తలుపు దగ్గరే ఆగి గాలి పీల్చి చూశాడు.

"ఏమ్మా, ఈ మధ్య గంజి తగ్గించినావా?"

"అంతే ఏస్తాండా. ఏం?"

"ఎండాకాలం వరండా అంతా మాడు కంపు. మద్దేన్నం దాకా పోయేది కాదు. ఇప్పుడు గబుక్కున పొగొస్తాది, పోతాది."

"మద్దేన్నం దాకానా?"

"అవునమ్మా. కరెంటు లేదు, ఫ్యాను లేదు, దానికి తోడు నీ గంజి కంపు. సచ్చేదాకా మరిచిపోతానా?"

అక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. తాగలేదు.

ఆమె తొమ్మిదిన్నరకు ఫర్నేసు వేసేది. అది పాతది. వేడి ఎంత మెల్లగా ఎక్కాలో చెప్పే ఏర్పాటు దానికి లేదు. అరగంటలో గంజి మాడటం మొదలయ్యేంత వేడి వచ్చేది. ఎండాకాలంలో సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. ఫర్నేసు ఇటుకలు వేడిని పట్టి ఉంచేవి. రెండు గంటలపాటు గంజి నిదానంగా కాలి, దారులు మిగిల్చి పోయేది. పన్నెండుకు కరెంటు వచ్చాక మిగతా వేడి ఎక్కేది. వానలు పడ్డాక కోత సాయంత్రానికి మారింది. ఫర్నేసు ఆగకుండా వేడెక్కింది. గంజి ఒక్కసారిగా పొగై పోయింది. దారులు మూసుకుపోయాయి, లేదంటే బిళ్లే పగిలింది.

నోటుబుక్కులో ఇది ఎక్కడా లేదు. గ్రాములో వెయ్యో వంతు రాసుకున్న మనిషి, కరెంటు పోయిందని రాసుకోలేదు. నేనూ నా పుస్తకంలో రాయలేదు. మాకు ముందు ఆ గదిలో పనిచేసినవాళ్ల పుస్తకాలు బీరువాలో ఉంటే తీసి చూశాం. వాళ్లూ రాయలేదు. రోజూ జరిగేదాన్ని ప్రయోగంలో భాగమని ఎవరమూ అనుకోలేదు.

మర్నాడు కొత్త బిళ్లలు పెట్టి తొమ్మిదిన్నరకు ఫర్నేసు వేసి, పదింటికి ఆమె స్విచ్చి తనే ఆర్పేసింది. అటెండరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"కరెంటు ఉండంగా ఆర్పుకోని కూసునేటోళ్లను ఈడే సూస్తాండా. కరెంటాఫీసోళ్లకు తెలిస్తే దండేసి పోతారు."

పన్నెండుకు మళ్లీ వేసింది. ఆ తర్వాతి ఉదయానికి బిళ్లలు చల్లారాయి. ఆమె సిరా బుడ్డి నా ముందుకు జరిపి, "నువ్వెయ్యి," అంది. వేశాను. ఇంకింది. రెండో బిళ్ల మీద వేయమంది. అదీ ఇంకింది. ఆమె నవ్వలేదు. రెండు బిళ్లలూ కాగితంలో చుట్టుకుని సార్ గదికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

సార్ అంతా విన్నారు. "తక్కువ వేడి దగ్గర రెండు గంటలు నిలిపినాం అని రాయమ్మా. సరిపోతుంది," అన్నారు.

"ఇప్పుడు చేసినదానికి అట్లనే రాస్తా సార్. మొదటి మూడింటికీ కరెంటు పోయిందనే రాస్తా."

"చదివినోళ్లు నవ్వుతారు."

"నవ్వనీండి సార్. ఆ మూడింటికీ నేను నిలపలేదు కదా."

సార్ కొంతసేపు నోటుబుక్కు పేజీలు తిప్పారు. "రాయి," అన్నారు. అటెండరు పేరు కృతజ్ఞతల్లో చేర్చమని కూడా ఆయనే చెప్పారు. చూసిందే రాసినావా అని ముందు అడిగినదాని గురించి మళ్లీ మాట్లాడలేదు. గడువుకు నాలుగు రోజుల ముందు అక్క థీసిస్ ఇచ్చింది. పరీక్షకుల్లో ఎవరైనా నవ్వారేమో మాకు తెలియదు. డిగ్రీ వచ్చింది.

అప్పటినుంచి ఆ గదిలో ఉన్నన్నాళ్లూ సాయంత్రం రైలుకు బయల్దేరేముందు ఆమె ఒక పని పెట్టుకుంది. ఆ రోజు పేజీ నాకు చదివి వినిపించేది. నా పేజీ నాచేత చదివించుకునేది. వింటున్నవాళ్లు "ఇంకేం జరిగింది?" అని అడగాలి. వాన పడింది, తలుపు తెరిచి ఉండింది, కుళాయి నీళ్లు ఎర్రగా వచ్చాయి, అన్నీ పుస్తకంలోకి ఎక్కేవి. చాలా వాటితో అవసరం పడలేదు. అయినా రాసేవాళ్లం.

తర్వాత ఆమె చిత్తూరులో ఒక కాలేజీలో పాఠాలు చెప్పింది. కొన్నేళ్లకు జబ్బు చేసి పోయింది. నలభై నిండలేదు. ఆమె చిత్తూరు వెళ్లాక నేను ఆ గదిలోనే ఇంకొంతకాలం పనిచేశాను. నా తర్వాత వచ్చిన ఇద్దరు అమ్మాయిలకు ఆ అలవాటు నేర్పాను. వాళ్లు ఉన్నంతవరకు సాగింది.

ఆమె చనిపోయిన నెలకు పనిమీద అక్కడికి వెళ్లాను. ఫర్నేసు కొత్తది వచ్చింది. వేడి ఎప్పుడు ఎంత ఎక్కిందో అదే నమోదు చేసుకుంటుంది. పరిశోధన చేస్తున్న పిల్లలు నలుగురు నాలుగు బల్లల దగ్గర పని చూసుకుంటున్నారు. సాయంత్రం అయిదవుతుంటే ఒక్కొక్కరే పుస్తకం మూసి లేచారు. ఒకరి పేజీ ఇంకొకరికి చదివి వినిపించడం అక్కడ ఇప్పుడు లేదు.